లింబాయత్‌లో చుక్కల దొంగ

సూరత్ వెళ్లొచ్చానంటే చీరలేం తెచ్చావని అడగనివాళ్లు లేరు. నేను తెచ్చింది జానెడు నెట్ గుడ్డ. అదీ ఒక మగ్గాల సేఠ్ పనికిరాదని పారేసిన ముక్క. దానికోసం వెయ్యి కిలోమీటర్లు వెళ్లావా అని నవ్వారు. వెళ్లింది దానికోసం కాదు. ఒక మనిషి దొంగా కాదా తేల్చడానికి, నాలుగున్నర లక్షల సామాను మోసుకుని, పెద్ద న్యాయమూర్తిలా వెళ్లాను.

బయల్దేరే ముందు

నేను హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగిని. వయసు యాభై మూడు, పుట్టింది తెనాలి దగ్గర. నగల మీద లేని మోజు నాకు టెలిస్కోపుల మీద ఉంది. కంటికి ఆనని మసక మేఘాలనీ, దూరపు గెలాక్సీలనీ గంటల తరబడి కెమెరాతో పట్టడం నా వ్యసనం. రంగులు చెదరనివ్వని కటకాల దుర్బిణి, ఆకాశంతో పాటు తిరిగే మోటారు పీఠం, తనను తాను చల్లబరుచుకునే కెమెరా ఒక్కొక్కటిగా కొన్నాను. మా చెల్లెలు వాటిని చూసినప్పుడల్లా, ఈ డబ్బుతో మూడు గదులకు టైల్స్ వేయించొచ్చు కదే అంటుంది.

లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో, ఆకాశం ఫొటోలు తీసే తెలుగువాళ్లందరికీ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాను. పెత్తనం నాదే. ఒకరోజు సూరత్ నుంచి రాజేశం అనే మరమగ్గాల మెకానిక్ అందులో ఓరియన్ నీహారిక ఫొటో పెట్టాడు. పాత కెమెరా, పాత లెన్సు, చెక్కలతో సొంతంగా చేసుకున్న యంత్రం, లింబాయత్ పేటలో డాబా మీద నుంచి తీసింది అని కింద రాశాడు. గులాబీ రంగు మేఘం రెక్కలు విప్పుకుని ఉంది. పెద్ద చుక్కలన్నిటికీ నాలుగు వైపులా సన్నని మెరుపు గీతలున్నాయి.

ఆ గీతలు చూడగానే నా తెలివి పురివిప్పింది. అలాంటి అడ్డం నిలువు గీతలు అద్దాలతో చేసిన పెద్ద టెలిస్కోపుల్లో వస్తాయి, లోపలి చిన్న అద్దాన్ని పట్టి ఉంచే ఊచల వల్ల. పాత లెన్సుకు అంత చక్కగా రావు. "ఇది ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన ఫొటో. చుక్కల దొంగలకు ఇక్కడ చోటు లేదు" అని అందరి ముందూ రాసేశాను. నలుగురు చప్పట్ల బొమ్మలు పెట్టారు. రాజేశం మారుమాట రాయకుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు కాబట్టే నోరు మెదపలేదనుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత, రెండో వేవ్ కూడా దాటి రైళ్లు మామూలుగా తిరుగుతున్నప్పుడు, అతని నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "మేడమ్, అమావాస్యకు ఒక్కపారి సూరత్ రాండ్రి. నా సామాను సూసినంక దొంగనో కాదో మీరే చెప్పుండ్రి." సరే, రెండు సామాన్లూ పక్కపక్కన పెట్టి ఒకే రాత్రి ఒకే ఆకాశాన్ని తీస్తే ఎవరి బండారం ఏమిటో తేలిపోతుంది అనుకున్నాను. డిసెంబరు మొదటి వారానికి టికెట్ తీశాను.

రైల్లో

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కాను. ఒమిక్రాన్ అనే కొత్త పేరు పేపర్లలోకి వచ్చిన రోజులవి. దుర్బిణి ఉన్న పొడుగాటి సంచిని కింద పెట్టే ధైర్యం లేక ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. ఎదురు సీటు పెద్దావిడ దాన్ని చూసి మాస్కు ముక్కు మీదికి లాక్కుంది. కాసేపటికి జాలిపడి, ఆక్సిజన్ సిలిండర్ ఎవరికమ్మా అని హిందీలో అడిగి, ఒక కమలాపండు నా చేతిలో పెట్టింది. ఇది సిలిండర్ కాదు, చుక్కల్ని చూసే దుర్బిణి అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. అయితే మా అబ్బాయి పెళ్లెప్పుడో చెప్పు అంది. కమలాపండు తిన్న విశ్వాసం ఉండాలి కదా, వచ్చే శ్రావణంలో అని చెప్పేశాను.

బరువు తగ్గిద్దామని నేను చేసిన తెలివైన పని ఒకటుంది. పీఠం మీద దుర్బిణికి అవతలి వైపు తూకంగా రెండు ఇనప దిమ్మెలు వేలాడదీయాలి. వాటిని ఇంట్లోనే వదిలేశాను. సూరత్ అంత ఊళ్లో ఇనుము దొరక్కపోతుందా అనుకున్నాను. అవి లేకపోతే లక్షన్నర పీఠం నీరసించి ఒక పక్కకు వాలిపోతుంది.

దీపాలార్పేశాక కిటికీలోంచి చూస్తూ పడుకున్నాను. చీకటి పొలాల మీద ఓరియన్ మూడు చుక్కల వరుస మాతోపాటే వస్తోంది. ఎక్కడో లెవెల్ క్రాసింగ్ దగ్గర ఆగినప్పుడు అవీ ఆగాయి. నిద్రకీ మెలకువకీ మధ్య, ఆ చుక్కల పక్కన గులాబీ మేఘం కనిపించి మాయమైనట్టు అనిపించింది.

లింబాయత్ చాయ్ హోటల్

పొద్దున్న సూరత్‌లో దిగి స్టేషన్ బయట లోచో తిన్నాను. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, ముద్దముద్దగా విరిచి, వెన్న, సేవ్ వేసి తూకానికి అమ్ముతారు. మన దగ్గర ఇడ్లీ విరిగితే వంటమనిషిని తిడతాం. వీళ్లు విరిగిందానికే పేరు పెట్టి వరసలో నిలబడి తింటున్నారు. వంద గ్రాములు ముప్పై రూపాయలు, తింటే మళ్లీ తినాలనిపిస్తుంది.

షేర్ ఆటోలో లింబాయత్ వెళ్లాను. నా మోకాళ్ల మీద పీఠం పెట్టె, పక్కవాళ్ల మోకాళ్ల మీద తాకాలు, అంటే గుడ్డ తానులు. సందులోకి తిరగగానే శబ్దం మొదలైంది. ప్రతి ఇంటి గోడ వెనకా మగ్గం ఆడుతోంది. మా తెనాలి వైపు ఇళ్లలోంచి టీవీల చప్పుడు వస్తుంది. ఇక్కడి మగ్గాల మోతలో టీవీ పెట్టినా వినపడేలా లేదు.

సందు మొదట్లో తెలుగు అక్షరాల బోర్డు కనపడితే ప్రాణం లేచొచ్చింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన నర్సయ్యది ఆ చాయ్ హోటల్. నాలుగు బెంచీల నిండా రాత్రి షిఫ్ట్ దిగినవాళ్లున్నారు. రాజేశం ఇల్లెక్కడని అడిగాను.

"ఏ రాజేశం మేడమ్? గీ గల్లీల ముగ్గురున్నరు."

"మగ్గాల మెకానిక్. ఫొటోలు తీస్తాడు."

"ఓ, చుక్కల దొంగనా! గట్ల చెప్పాలె గదా. గా పచ్చ తలుపు, మూడో మంజిల్."

బెంచీ మీద ఇద్దరు నవ్వారు. అది ఎగతాళి నవ్వు కూడా కాదు, అలవాటైపోయిన నవ్వు. నా గ్రూపులో వాళ్ల ఊరివాడొకడు ఉన్నాడట, ఆ మాట ఇక్కడికి మోసుకొచ్చాడు. నేను ఫోన్‌లో బొటనవేలితో కొట్టిన రెండు ముక్కలు ఏడాదిన్నరగా ఒక మనిషికి పేరై తిరుగుతున్నాయి.

"మీరేమైతరు మేడమ్?" అన్నాడు నర్సయ్య.

"తెలిసినవాళ్లం" అన్నాను. సంచి భుజానికెత్తుకుని పచ్చ తలుపు వైపు నడిచాను.

డాబా మీద

రాజేశానికి నలభై ఐదేళ్లుంటాయి. జుట్టులో నూలు పీచు, మాట పొదుపు. అతని భార్య పద్మ చీరలకు రాళ్లు అంటించే పని ఇంట్లోనే చేస్తుంది. నేను ఎందుకొచ్చానో ఆమెకు తెలుసు. అయినా "కాళ్లు కడుక్కో అక్కా" అని నీళ్లిచ్చి, అన్నం, కోడికూర, పచ్చిపులుసు పెట్టింది. మేమూ పచ్చిపులుసు చేస్తాం గానీ ఆమె వేసినంత ఉల్లిపాయ వేయం. తీర్పు చెప్పడానికొచ్చినదాన్ని మూడుసార్లు వడ్డించుకుని తిన్నాను.

పొద్దు గూకాక సామాను డాబా మీదకి చేర్చాం. పీఠం నేననుకున్నట్టే పక్కకు వాలింది. రాజేశం ఒక చేత్తో దాన్ని ఆపి, చూసి, కిందికి దిగాడు. మగ్గం వెనక పడుగు బిర్రుగా ఉండటానికి వేలాడదీసే ఇనప బాట్లు రెండు తెచ్చి, గుడ్డపేలికతో కట్టాడు. ఇంట్లో వదిలొచ్చిన నా జర్మన్ దిమ్మెల కంటే బాగా సరిపోయాయి.

గంటన్నర కష్టపడి దుర్బిణిని సరిచేసి మొదటి ఫొటో తీశాను. చుక్కలు చుక్కల్లా రాలేదు, వానపాముల్లా వచ్చాయి. మళ్లీ తీసినా అంతే. చెంబులో నీళ్ల వైపు చూపించాడు రాజేశం. నీటి మీద సన్నటి వణుకు. కింద రెండు అంతస్తుల్లో మగ్గాలు ఆడుతుంటే మేడ మేడంతా ఊగుతోంది.

"రాత్రి పగలు గిదే లొల్లి మేడమ్. మీ దుర్బిణి ఇంత దూరంది ఇంత దగ్గరికి చూపిస్తది గదా, వణుకు గూడ గంతనే పెద్దగ కానొస్తది."

ఖరీదైన సామాను గురించి నాకెవరూ అంత సూటిగా చెప్పలేదు. "మరి ఇక్కడి నుంచే ఆ ఫొటో ఎలా తీశావు?" అన్నాను. గొంతులో పోలీసు ఇంకా పోలేదు.

"లాక్‌డౌన్ పెట్టిన మొదటి వారం మేడమ్. సాంచాలు బందైనయి." వాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. "పాండేసర దిక్కు మిల్లుల పొగ బందైంది. ఇరువై రెండేండ్లల్ల గీ డాబా కదలకుంట నిలబడ్డది గప్పుడే. పని లేదు. మంది అందరు మూటలు వట్టుకోని ఊర్లకు పోతున్రు. ఏం జేయాల్నో తోచక రాత్రి పైకెక్కిన. ఎక్కి సూస్తె ఆకాశం గట్ల ఉన్నది."

నేను హైదరాబాద్‌లో అదే వారం బాల్కనీలో కూర్చుని జీతం పడిందన్న మెసేజ్ చూసుకుంటూ అదే ఆకాశాన్ని తీశాను.

"చుక్కల చుట్టూ ఆ నాలుగు గీతలేంటి?"

"గవి గుడ్డ గీతలు. రేపు సూపిస్త."

ఫొటోకి గుడ్డ గీతలేంటి? రాత్రికి ఆలోచించుకుని ఏదో అల్లుతాడనుకున్నాను. నా బుద్ధి అప్పటికీ అంతే.

తాపీ ఒడ్డున ఊచబియ్యం

మర్నాడు పద్మ నన్ను తాపీ నది ఒడ్డుకి తీసుకెళ్లింది. లేత జొన్న కంకులు బూడిదలో కాల్చి, కర్రలతో కొట్టి, గింజలు రాల్చి అమ్ముతున్నారు. పోంక్ అంటారు. సీజన్ అప్పుడే మొదలైందట, పావుకిలో నూట పాతిక. "మా దిక్కు ఊచబియ్యం అక్కా ఇవి. చేన్ల ఊకెనే తినెటోళ్లం" అని పద్మ గింజలు నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంది. పచ్చటి గింజల్లో పాలు, పొగ వాసన. పక్కనే తాపీ మెల్లగా పోతోంది. ఆ కాసేపూ ఎవరు ఎవరిని ఏమన్నారో మా ఇద్దరికీ గుర్తులేదు.

రొయ్యల చెరువుల గట్టు

సాయంత్రం గుడ్డ తాకాలు మోసే టెంపోలో ముగ్గురం బయల్దేరాం. ఓల్పాడ్ దాటి సముద్రం వైపు వెళ్తే రొయ్యల చెరువులు. దిగగానే మా భీమవరం చుట్టాలింటి వాసన కొట్టింది. రెండు రోజుల కిందటి అకాల వానకు గాలి కడిగినట్టుంది. చెరువుల్లో నీళ్లు నిలకడగా ఉన్నాయి. తల పైకెత్తితే చుక్కలు, దించితే చుక్కలు. గట్టు మీద నడుస్తుంటే ఏది కిందో ఏది పైనో తెలియక ఒకటి రెండు సార్లు పద్మ చెయ్యి పట్టుకున్నాను.

నేను అరడజను వైర్లు విప్పుకుంటుంటే రాజేశం బియ్యం సంచిలోంచి తన యంత్రం తీశాడు. పుస్తకంలా తెరుచుకునే రెండు చెక్కలు, మధ్యలో తలుపు మడతబందు, ఒక చిన్న మోటారు, పాత సాంచాలోంచి తీసిన పళ్ల చక్రం. ఏడు వేల కెమెరా, ఆదివారం సంతలో తొమ్మిది వందలకు కొన్న లెన్సు.

"నేసిన బట్టను సాంచా మెల్లగ చుట్టుకుంటది గదా మేడమ్, గా చక్రమే ఇది. ఆకాశం గూడ ఒక్క తీరుగ తిరుగుతది. దానికి సరిపడ పండ్లు లెక్కవెట్టి ఏసిన. అంతే."

మడతబందును ధ్రువనక్షత్రం వైపు తిప్పి, కెమెరా తెర మీద చుక్కను భూతద్దంతో చూశాడు. గుడ్డలో పోగులు లెక్కపెట్టడానికి నేతవాళ్లు వాడే చిన్న మడత భూతద్దం అది. నేను ధ్రువనక్షత్రాన్ని వెతికేలోపే అతని కెమెరా పది ఫొటోలు తీసేసింది. పిట్ట కొంచెం, కూత ఘనం.

అయితే కూత ఎంత ఘనమైనా లెక్క లెక్కే. రెండు గంటల తర్వాత ఫొటోలు లాప్‌టాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే, నాది నిస్సందేహంగా మేలు. మేఘంలో మడతలు, మడతల్లో నీడలు, నడుమ నాలుగు పసి చుక్కలు విడివిడిగా కనపడ్డాయి. అతనిదాంట్లో నడిమధ్య తెల్లగా కాలిపోయింది, అంచుల్లో చుక్కలు సాగాయి. కానీ నాది కిటికీలోంచి చూసినట్టు ఉంటే, అతనిది గుమ్మంలో నిలబడి చూసినట్టుంది. మూడు చుక్కల వరుస, కింద మేఘం, చుట్టూ ఎర్రటి పొగ, అంతా ఒకేచోట ఉంది. నలభై ఐదు రెట్లు డబ్బు పోస్తే నాకు దొరికింది రెండు మూడు రెట్ల స్పష్టత. ఆ స్పష్టత నాకిష్టమే, అబద్ధమెందుకు? కానీ కొనేవాళ్లెవరైనా నన్ను అడిగితే, ముందు ఊగని నేల, చీకటి ఆకాశం వెతుక్కోమని చెప్తాను.

రాజేశం నా ఫొటోను భూతద్దంతో చాలాసేపు చూశాడు. "మీది మీదే మేడమ్. దీంట్ల పోగు పోగు కానొస్తుంది. గట్ల నాతోని కాదు" అన్నాడు. ఆ మాటలో అసూయ వెతికాను, దొరకలేదు.

అతను కెమెరా దగ్గరికి వెళ్లాక పద్మ మూటలోంచి సర్వపిండి తీసి ఇచ్చింది. చీకట్లో నెమ్మదిగా చెప్పింది.

"పేరువెట్టి పిలిస్తె నవ్వి ఊకుంటడక్కా. కని మొన్న కార్ఖానల బేరింగులు పోయినయి. సేఠ్ అందర్ని ఇడిసిపెట్టి ముందుగాల ఈయన సంచే కుమ్మరించిండు. దొంగ అంటరు గదా అని కార్ఖాన తాళాలు గూడ తీసుకున్నడట. ఎనుకటి సంది పనిజేసిన కార్ఖాన. గా రాత్రి అన్నం తినలే. గప్పుడే మీకు మెసేజ్ వెట్టిండు."

చేతిలోని సర్వపిండి ముక్క పక్కన పెట్టేశాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ రోజూ అనేది. విన్నదెవరు?

"రాజేశం, ఆ గుడ్డ చూపించు" అన్నాను.

టీ వడపోసే జల్లెడ చట్రానికి బిర్రుగా కట్టిన నెట్ గుడ్డ అది. లెన్సు ముందు తగిలించాడు. తెర మీద పెద్ద చుక్కకు నాలుగు వైపులా మెరుపు గీతలు పుట్టుకొచ్చాయి. నిలువు పోగుల పడుగు వల్ల రెండు, అడ్డం పోగుల పేక వల్ల రెండు. గీతలు బాగా సన్నబడితే ఫోకస్ కుదిరినట్టట. తర్వాత గుడ్డ తీసేయాలి.

"గా దినం తీసుడు మరిసిపోయిన. గీతలు వడ్డయి, ఖరాబు ఫొటో అని తిడుతరేమో అనుకున్న. మీరేమో గొప్ప దుర్బిణిది అన్నరు."

గుడ్డ ఉంచే పది ఫొటోలు తీయమన్నాను. వాటిని లాప్‌టాప్‌లో ఎక్కించి, పక్కన అతని పాత ఫొటో తెరిచాను. అప్పుడు కనిపించింది. రెండింట్లోనూ ఆ గీతలు తిన్నగా ఒకదానికొకటి అడ్డంగా లేవు. ఒకటి కొంచెం ఒరిగింది. కొలిచాను. తొంభై డిగ్రీలు ఉండాల్సినచోట ఎనభై రెండు. పాత ఫొటోలోనూ ఎనభై రెండే.

"గుడ్డ వంకరది మేడమ్. సెకండ్ మాల్. పేక పక్కకు గుంజుకపోయింది, అందుకే సేఠ్ పారేసిండు."

పెద్ద టెలిస్కోపుల్లో ఇలాంటి నాలుగు గీతలు మూలమట్టంగా ఉంటాయి. ఈ ఒరుగుడు ప్రపంచంలో ఏ టెలిస్కోపుకీ రాదు, ఈ జానెడు గుడ్డకే వస్తుంది. ఆ రోజు రెండు నిమిషాలు ఆగి కొలిచి ఉంటే నాకు తెలిసేది. సామాను ఖరీదు చూసి మనిషిని కొలిచాను గానీ ఫొటోను కొలవలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"తప్పు నాది రాజేశం. నన్ను క్షమించు. ఇప్పుడే గ్రూపులో రాస్తాను."

"రాయుండ్రి మేడమ్. కని గ్రూపుల ఎవలున్నరో నేనెరుగ. నన్ను రోజు పిలిచేటిది నర్సయ్య హోటల్ కాడ. జర గాడ చెప్పుండ్రి."

గ్రూపులో తప్పు ఒప్పుకుని రాశాక, తెల్లారేదాకా ముగ్గురం గట్టు మీదే ఉన్నాం. మూడు చుక్కలు పడమటి చెరువు మీదికి వాలుతుంటే, వాళ్లవ్వ వాటిని గొల్లకావడి అనేదని పద్మ చెప్పింది.

మళ్లీ చాయ్ హోటల్

షిఫ్ట్ మారే వేళకు బెంచీలు నిండాయి. బ్యాంకులో వందమంది ముందు మాట్లాడినదాన్ని, అక్కడ రెండు చాయ్‌లు తాగితే గానీ లేవలేకపోయాను. మాస్కు తీసి, లాప్‌టాప్ బెంచీ మీద పెట్టి చెప్పాను. రాజేశాన్ని దొంగ అన్నది నేనేనని, పేరు పెట్టింది నేనేనని, మొన్న మీకు తెలిసినవాళ్లమని చెప్పి దాచానని అన్నీ చెప్పాను. రెండు ఫొటోల్లో వంకర గీతలు చూపించాను. నాకు అరగంట పట్టే వివరం వాళ్లకు అర నిమిషం కూడా పట్టలేదు. అందరూ నేతవాళ్లే.

"పేక ఒరిగింది. ఒక్క తాకాల ముక్కనే" అన్నాడో పెద్దాయన తెర మీదికి వంగి. "దీనికి గింత లొల్లా?"

"ఈ మాట సేఠ్‌కి కూడా మీరు చెప్పాలి" అన్నాను. పెద్దాయన రాజేశం భుజం మీద చెయ్యేసి, "నేను జెప్త తియ్" అన్నాడు. రాజేశం తల వంచుకుని చాయ్ చల్లారబెట్టుకుంటున్నాడు.

నర్సయ్య మాత్రం గిన్నె దించి, తల గోక్కున్నాడు. "అంత మంచిగనే ఉన్నది మేడమ్. కని ఏడాదిన్నర సంది గల్లీల నడుస్తున్న పేరు. పేరు వడ్డంక ఉత్తగ పోదు. ఎవలకో ఒకలకు ఇయ్యాలె."

"నాకివ్వండి" అన్నాను.

హోటలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

స్టేషన్‌లో రాజేశం నా సంచిలో ఏదో కుక్కాడు. ఇంటికొచ్చి చూస్తే జల్లెడ చట్రం, ఆ వంకర గుడ్డ. ఇప్పుడు నా దుర్బిణికి అదే ఫోకస్ గుడ్డ.

పోయిన వారం అతను ఫోన్ చేశాడు. సేఠ్ మళ్లీ కార్ఖానా తాళాలు తన చేతికే ఇచ్చాడని చెప్పడానికి. వెనక గ్లాసుల చప్పుడు, మగ్గాల మోత. ఇంతలో నర్సయ్య గొంతు గట్టిగా వినపడింది.

"ఫోన్ల ఎవలు రాజేశం? చుక్కల దొంగనా? మల్లెప్పుడొస్తదో అడుగు."

"మా అక్కను గట్లనకు నర్సయ్యా" అన్నాడు రాజేశం.